తనిఖీ అయినది – శుభ్రం

మానవజాతి ఇంతవరకూ కనిపెట్టిన గొప్ప వస్తువులు మూడే మూడు: నిప్పు, చక్రం, రబ్బరు స్టాంపు. మొదటి రెండూ లేకపోయినా ఆఫీసు నడుస్తుంది. మూడోది లేకపోతే ఒక్క పూట కూడా నడవదు. (రబ్బరు స్టాంపులు చేసి బతుకుతున్నాను కాబట్టి ఈ మాట అంటున్నానని మీరనుకుంటే, సరిగ్గానే అనుకున్నారు.)

నా చదువు హైస్కూలు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రమ్మంటే మొహమాటపడి వెనక్కి తిరిగిపోయింది. అయినా ఊళ్లో ఎంత పెద్ద ఆఫీసరైనా నా రబ్బరు తగలకుండా కాగితం కదపలేడు. ‘అనుమతించడమైనది’, ‘తిరస్కరించడమైనది’, ‘పరిశీలనలో ఉన్నది’ – మూడూ ఒకే బల్ల మీద, ఒకే రబ్బరు షీటులోంచి కోస్తాను. ఒక ఆఫీసుకి వీటి పిడులు సరదాకి అటూ ఇటూ మార్చి ఇచ్చాను. ఆ ఏడు వాళ్లకి ప్రజల నుంచి ప్రశంసలు వచ్చాయి.

నా ముద్రలన్నిటికీ అంచులో ఒక చిన్న నక్షత్రం తలకిందులుగా ఉంటుంది. అది నా సంతకం. పెద్దవాళ్లు పేరు రాసుకుంటారు, నేను నక్షత్రం బోర్లా పెట్టుకుంటాను. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక అసలు సంగతి. మా అక్క కూతురు, అంటే నా మేనకోడలు, లిఫ్టుల భద్రతా కార్యాలయంలో కంప్యూటర్ల సెక్షన్ చూస్తుంది. ఏ భవనంలో లిఫ్టు మొండికేసినా, తలుపు సరిగా మూసుకోకపోయినా, తాడు కిర్రుమన్నా జనం ఆ ఆఫీసుకి ఈమెయిలు పెట్టాలి. ఆ ఈమెయిళ్లు సక్రమంగా లోపలికి వచ్చేలా చూడడం ఆమె పని. ఉద్యోగం మాత్రం టెంపరరీ. ఏళ్ల తరబడి టెంపరరీ. ఆ ఆఫీసులో టెంపరరీగా పెట్టిన కుర్చీకి కూడా కాళ్లు ఊడిపోయి, రిటైరై, స్టోర్ రూముకి వెళ్లిపోయింది గానీ ఈ పిల్ల పర్మనెంటు కాలేదు.

మా అక్కకి ఇదొక్కటే దిగులు. రోజూ సాయంత్రం కూతురు చెప్పులు విప్పకముందే అడుగుతుంది.

“అయిందా?”

“ఏంటమ్మా అయ్యేది?”

“అదే.”

“అదింకా కాలేదు.”

“ఒరేయ్ తమ్ముడూ, ఊళ్లో అందరికీ ముద్రలు చేసి పెడతావు. దీనికొక్క పర్మనెంటు ముద్ర కొట్టలేవురా?”

“కొడతానక్కా. ఎక్కడ కొట్టాలో చెప్పు. నుదుటి మీదా, వీపు మీదా?”

“నీ నోట్లో మన్ను పడ!” అంటుంది మా అక్క. మా ఇంట్లో ఇది ఆశీర్వాదం కిందే లెక్క.

ఫైలు కదలకపోవడానికి కారణం ఆ ఆఫీసు డైరెక్టరు గారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఎవరి మాటా వినడు, అంతే. ఆయనకి ఒకసారి జ్ఞానోదయమైంది. ఆఫీసుకి ఈమెయిళ్లు ఎక్కువైపోయాయి, వాటిలో దొంగ ఉత్తరాలు కలిసిపోతున్నాయి, కాబట్టి ఒక జల్లెడ పెట్టాలి అని. దాన్ని స్పామ్ ఫిల్టర్ అంటారు. మంచి ఉత్తరాన్ని లోపలికి పంపి, దొంగ ఉత్తరాన్ని స్పామ్ అనే చీకటి కొట్లో పడేస్తుంది. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు.

ఏది మంచిదో ఏది దొంగదో దానికెలా తెలుస్తుందే అని నేనడిగితే, మా మేనకోడలు ఓపిగ్గా చెప్పింది. “ప్రతి ఈమెయిలు నెత్తి మీదా మనకి కనపడని పంక్తులు కొన్ని ఉంటాయి మామయ్యా. హెడర్లు అంటారు. ఉత్తరం ఎక్కడ బయల్దేరింది, దారిలో ఏయే మెషీన్ల దగ్గర ఆగింది, ఎవరు తనిఖీ చేశారు – ఆగిన చోటల్లా ఒక ముద్ర పడుతుంది.”

“ముద్రలా! మరి నాకు చెప్పరేం? చేసి పెట్టేవాణ్ని కదా.”

“అదే చిక్కు. పంపేవాడు కూడా తనకి కావలసిన ముద్ర ఇంట్లోనే వేసుకుని పంపించొచ్చు. అందుకని ముద్ర మీద ఏం రాసుందో కాదు, ఎవరు వేశారో చూడాలి. మన గుమ్మం దగ్గర మన మెషీన్ తనిఖీ చేసి వేసిన ముద్రనే నమ్మాలి. బయట వేయించుకొచ్చినవి చెరిపెయ్యాలి.”

ఇంత చక్కగా నాకే అర్థమైంది. అందుచేత డైరెక్టరు గారికి అర్థం కాలేదు. ఆయన ఉత్తర్వు ఇలా వచ్చింది: ‘ఇకపై ఏ ఈమెయిలు హెడరులో తనిఖీ అయినది – శుభ్రం అను పంక్తి ఉండునో, అది శుభ్రమైనదిగా నమ్మబడును. లేనివి స్పామునందు వేయబడును. స్పాము తెరచి చూచుట నిషేధము.’

“సార్, ఆ పంక్తి ఎవరైనా రాసుకోవచ్చు. దొంగలు కూడా రాసుకొస్తారు” అంది మా పిల్ల.

“రాసుకురానీ అమ్మా. తనిఖీ వాళ్లే చేసుకొస్తుంటే మనకి పనిభారం తగ్గదూ?”

“దొంగ తన్ను తనే తనిఖీ చేసుకుంటే ఎలా సార్?”

“తన గురించి తనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?” అన్నారు డైరెక్టరు గారు. ఈ ప్రశ్నకి జవాబు ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు.

ఉత్తర్వు ప్రజలందరికీ తెలియాలి కాబట్టి ఆఫీసు వెబ్‌సైటులో పెట్టారు. ప్రజలు ఆ వెబ్‌సైటు చూడరు. దొంగలు శ్రద్ధగా చూస్తారు. మర్నాటి నుంచి బట్టతలకి నూనె అమ్మేవాడు, చనిపోయిన రాజుగారి పెట్టె తాళం పోగొట్టుకున్న విధవరాలు, అక్కర్లేని లాటరీ అంటగట్టేవాడు – అందరూ నెత్తి మీద ‘తనిఖీ అయినది – శుభ్రం’ అని పెట్టుకుని, పెళ్లివారిలా దర్జాగా లోపలికి వచ్చేశారు. మా నాలుగో అంతస్తు లిఫ్టు ఊగుతోంది బాబూ అని రాసిన ముసలాయనకి హెడరు అంటే ఏమిటో తెలియదు. ఆయన ఉత్తరం చీకటి కొట్లోకి పోయింది. తాను శుభ్రమని రాసుకోవాలన్న ఆలోచన శుభ్రంగా ఉన్నవాడికి రాదు కదా.

దీనివల్ల ఎవరూ ఊహించని అద్భుతం ఒకటి జరిగింది. ఆ నెల ఆఫీసుకి వచ్చిన ఫిర్యాదులు: సున్నా.

డైరెక్టరు గారు ఆ సున్నాని చూసి చూసి మురిసిపోయారు. ఊళ్లో లిఫ్టులన్నీ ఒక్కసారిగా బాగుపడ్డాయని రిపోర్టు రాశారు. హెడ్డాఫీసు వాళ్లు రిపోర్టు చదివి, ఇంత గొప్ప నియమం మాకు మాత్రం ఎందుకు ఉండకూడదని అదే ఫిల్టరు తమ దగ్గరా పెట్టించుకున్నారు. డైరెక్టరు గారికి ‘నిశ్శబ్ద సేవా పతకం’ ప్రకటించారు. ఇవన్నీ జరుగుతున్నంతసేపూ మా మేనకోడలు ఒకటే పాట. “సార్, మనం నమ్మాల్సిన హెడరు ఇది కాదు.” గోడకి చెప్పినా సున్నం రాలేది. ఆయన మాత్రం ఆమె పర్మనెంటు ఫైలు తీసి, దాని మీద కాఫీ కప్పు పెట్టుకోవడం మొదలుపెట్టారు.

ఇంట్లో పిల్ల అన్నం కెలుకుతూ కూర్చుంటోంది. మా అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, “నువ్వేదైనా చెయ్యరా. కానీ వెధవ్వేషాలు వెయ్యకు” అంది. ఈ రెండిట్లో ఒకటే కుదురుతుందని మా అక్కకి బాగా తెలుసు.

నేను మా వీధి ఇంటర్నెట్ షాపుకి వెళ్లాను. షాపువాడు చెయ్యి పట్టి నేర్పించాడు. ఆ పంక్తిని హెడరులో పెట్టడం నిమ్మకాయ పిండినంత సులువు. తర్వాత ‘అఖిల ప్రపంచ లిఫ్టుల మహామండలి’ని స్థాపించాను. (స్థాపనకి టీ చల్లారేంత సేపు పట్టింది.) మండలి తరఫున డైరెక్టరు గారికి ఒక ఉత్తరం రాశాను: ‘లిఫ్టులో నిలబడువారు ఇకపై తలుపు వైపు వీపు పెట్టి, గోడ వైపు ముఖము పెట్టి నిలబడవలెను. పైకి పోవునప్పుడు లిఫ్టు తలుపును తేరిపార చూచినచో అది సంకోచించును.’ నెత్తి మీద – తనిఖీ అయినది, శుభ్రం.

నా ఉద్దేశం ఏమిటంటే, ఇంత పిచ్చి ఉత్తరం చూసి ఆయన, “ఇదెలా లోపలికొచ్చింది?” అని అడుగుతారు. అడిగితే మా పిల్ల చెబుతుంది. కథ కంచికి వెళ్తుంది.

ఆయన అడగలేదు. సాయంత్రానికల్లా అమలు చేసేశారు.

మర్నాడు ఆ ఆఫీసుకి స్టాంపులు ఇవ్వడానికి వెళ్లాను. లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల గుమాస్తాలు, అకౌంటెంటు, ఒక ఆడిటరు – అందరూ గోడకేసి ముఖం పెట్టి, బడిలో తప్పు చేసిన పిల్లల్లా నిలబడి ఉన్నారు. నేనూ ఎక్కి గోడకేసి తిరిగాను. పక్కాయన గోడతో గుసగుసగా అన్నాడు. “కొత్త రూలండీ. అంతర్జాతీయ ప్రమాణం. నిజంగానే కుదుపు తగ్గింది.”

మా మేనకోడలికి విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది.

“మామయ్యా, మహామండలి నువ్వేనా?”

“ఛ ఛ! నేను అందులో మామూలు సభ్యుణ్ని.”

“నీ నవ్వే చెబుతోంది. ఆయన అసలే నా ఫైలు మీద కప్పు పెట్టుకుంటున్నాడు. రేపు దీన్ని కూడా నా నెత్తికే చుడతాడు. నన్ను తీసేస్తే ఏం చేస్తావు?”

“ఒట్టు, ఇంకెప్పుడూ చెయ్యను.”

“నీ ఒట్టు కూడా నువ్వు వేసుకొచ్చిన ముద్రే” అంది.

సరిగ్గా అప్పుడు, మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య, ఆఫీసు లిఫ్టు ఆగిపోయింది. లోపల డైరెక్టరు గారు ఒక్కరే ఉన్నారు. గోడకేసి తిరిగి ఉండడం వల్ల ఆగిపోయిన సంగతి ఆయనకి కాస్త ఆలస్యంగా తెలిసింది.

లిఫ్టులో ఒక ఎర్ర ఫోను ఉంటుంది. ఎత్తితే కింద కంట్రోల్ రూములో మోగుతుంది. కంట్రోల్ రూము గుమాస్తా చాలా నిఖార్సయిన మనిషి. స్పీకరు నొక్కి మరీ మాట్లాడతాడు. మేం మెట్లు దిగి ఆ గది ముందుకి వచ్చేసరికి సంభాషణ మంచి పాకంలో ఉంది.

“నేనయ్యా! డైరెక్టర్ని! లిఫ్టు ఆగిపోయింది!”

“అలాగా సార్. ఒక మెయిల్ పెట్టండి.”

“మెయిలేంటయ్యా! నేను లోపల ఇరుక్కున్నాను!”

“అర్థమైంది సార్. కానీ ఫోను ఫిర్యాదులు తీసుకోవద్దన్నారు కదా. ఫోనుకి హెడరు ఉండదని.”

“ఎవడన్నాడు?”

“మీరే సార్. ఉత్తర్వు నా ఎదురుగా గోడకి అంటించి ఉంది. చదవమంటారా?”

“నా గొంతు గుర్తుపట్టలేవూ?”

“గొంతు అచ్చం మీదే సార్. అందుకే అనుమానం. దొంగలు కూడా అచ్చం మనలాగే మాట్లాడతారని ట్రైనింగులో చెప్పారు. చెప్పింది కూడా మీరే.”

తర్వాత లిఫ్టులోంచి ‘టింగ్’ మన్న శబ్దం ఫోనులో వినిపించింది. “పెట్టానయ్యా, మెయిలు పెట్టాను! నా సెల్‌ఫోన్లోంచి! చూడు!”

గుమాస్తా కళ్లద్దాలు సర్దుకుని తెర వంక చూశాడు. “రాలేదు సార్.”

“మళ్లీ పెట్టాను!”

“బట్టతల నూనె వచ్చింది సార్. తనిఖీ అయి వచ్చింది. మీది మాత్రం రాలేదు.”

“ఊపిరాడ్డం లేదయ్యా!”

“సబ్జెక్టు లైన్లో ‘అత్యవసరం’ అని గానీ రాశారా సార్?”

“రాశాను!”

“అయ్యో. దొంగలందరూ అదే రాస్తారు.”

మా మేనకోడలు ఇక ఆగలేదు. గుమాస్తాని పక్కకి జరిపి, తెరవకూడని స్పామ్ తెరిచింది. పైనే ఉన్నాయి డైరెక్టరు గారి మెయిళ్లు, ఒకదాని మీద ఒకటి. మొదటి దానిలో ‘వెంటనే రండి’ అని ఆజ్ఞ. తర్వాతి దానిలో ‘దయచేసి రండి’. ఆఖరి దానిలో ‘బాబూ’ అని మాత్రమే ఉంది. వాటి కింద, వారాల తరబడి, ఊళ్లోవాళ్ల ఫిర్యాదులు. వాటి మధ్య ఆ ఆఫీసు లిఫ్టునే బాగుచేసే మేస్త్రి పెట్టిన మెయిలు కూడా ఉంది: ‘ఆఫీసు లిఫ్టు బ్రేకు అరిగిపోయింది. మార్చేదాకా ఎవరినీ ఎక్కనివ్వకండి.’

ఆమె మేస్త్రికి ఫోను చేసింది. ఆయన వచ్చి మోటారు గదిలో చక్రం చేత్తో తిప్పి, లిఫ్టుని అంగుళం అంగుళం దించాడు. తలుపు తీశారు. డైరెక్టరు గారు ఇంకా గోడకేసే తిరిగి ఉన్నారు. (నియమం అంటే ఆయనకి ఉన్న గౌరవం అలాంటిది.) వెనక్కి వెనక్కి అడుగులేస్తూ బయటికి వచ్చారు.

“సార్” అంది మా పిల్ల. “ఫిల్టరు మార్చమంటారా?”

ఆయన కళ్లు మూసుకుని తలూపారు. “మార్చు. ఇప్పుడే మార్చు.”

ఆమె మార్చింది. బయటి నుంచి వచ్చే ప్రతి ఉత్తరం నెత్తి మీదా ఎవరో వేసుకొచ్చిన ముద్రని గుమ్మం దగ్గరే తుడిచేసి, ఉత్తరం నిజంగా ఎక్కణ్నుంచి వచ్చిందో తమ మెషీన్‌తో తనిఖీ చేయించి, అప్పుడు తమ ముద్ర వేయించే పద్ధతి పెట్టింది. అక్కడితో ఆగలేదు. ఆఫీసు నుంచి బయటికి పోయే ఉత్తరాల మీద డైరెక్టరు గారు పెట్టించిన ‘శుభ్రం’ పంక్తిని కూడా పీకేసింది.

“అది ఉంటే ఏం పోయిందే?” అన్నాను.

“మనం పంపేవాటిని ఎవరూ తనిఖీ చెయ్యట్లేదు మామయ్యా. చేశామని ఎలా రాస్తాం?”

ఈ పిల్లకి ఈ గుణం మా వైపు నుంచి మాత్రం రాలేదు.

మర్నాటి నుంచి ఫిర్యాదులు గట్టు తెగిన చెరువులా వచ్చాయి. నూనెవాడూ విధవరాలూ చీకటి కొట్లోకి వెళ్లారు. నా మహామండలి కూడా వాళ్ల పక్కనే చాపేసుకుంది. ఆఫీసువాళ్లు చాన్నాళ్ల తర్వాత నిజంగా లిఫ్టులు చూడ్డానికి బయల్దేరారు. ఆ ముసలాయన ఉన్న భవనానికే ముందుగా వెళ్లారు. మా మేనకోడలు ఫిర్యాదుల అసలు సంఖ్య రాసి, హెడ్డాఫీసుకి రిపోర్టు పంపింది. పతకం పోయిందని డైరెక్టరు గారు గుండె రాయి చేసుకున్నారు.

పోలేదు. ఆ రిపోర్టు నెత్తి మీద ‘శుభ్రం’ లేదు కాబట్టి హెడ్డాఫీసు ఫిల్టరు దాన్ని స్పాములో వేసేసింది. వాళ్ల లెక్కలో మన ఊరి ఫిర్యాదులు ఇప్పటికీ సున్నానే. పతకం ఇచ్చేశారు. డైరెక్టరు గారు దాన్ని వినయంగా మెళ్లో వేయించుకుని, ఆ వేదిక మీదే మా పిల్ల ఫైలు వాళ్ల చేతికి అందించి, “ఈ అమ్మాయి లేకపోతే నేను లేను” అన్నారట. లిఫ్టు సంగతి తెలియనివాళ్లు దాన్ని మంచి మర్యాదగా తీసుకున్నారు.

ఉత్తర్వు వచ్చింది! మా అక్క చదవమంటే బిగ్గరగా చదివాను: ‘మిమ్ములను పర్మనెంటు చేయుటకు నిశ్చయించడమైనది. మీ అంగీకారమును గడువులోగా మాకు పంపవలెను. పంపనిచో ఉద్యోగము వరుసలో తర్వాతివారికి ఇవ్వబడును.’

మా పిల్ల ఆ పూటే అంగీకారం మెయిలు చేసింది. జవాబు లేదు. మళ్లీ చేసింది. లేదు. గడువు దగ్గర పడింది. ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను.

“మీ అంగీకారం మాకు అందలేదమ్మా” అంది అవతలి గుమాస్తా ఆవిడ.

“మీ స్పాములో ఉంటుంది మేడమ్. ఒక్కసారి చూడరా?”

“స్పాము తెరవడం నిషేధం. మీ ఆఫీసు రూలే కదమ్మా, మేం అక్కణ్నుంచే తెచ్చుకున్నాం.”

“ఆ రూలు తప్పని నేనే రిపోర్టు పంపాను.”

“అవునా? అది కూడా అందలేదు.” తర్వాత ఆవిడ గొంతు తగ్గించి, తల్లిలా అంది. “చూడు తల్లీ. హెడర్లో ఆ ఒక్క పంక్తి పెట్టి పంపెయ్. అందరూ పెడతారు. ఇందులో తప్పేముంది?”

మా పిల్ల ఫోను పెట్టేసింది.

“పెట్టెయ్ అమ్మడూ” అన్నాను. “ఒక్క పంక్తి. నీ అంగీకారం నిజమే కదా? నిజం మీద నిజమని రాస్తే అబద్ధం ఎలా అవుతుంది?”

“తనిఖీ అయిందని రాయాలి మామయ్యా. ఎవరు చేశారు?”

“నేను చేశాను. చదివాను. తప్పుల్లేవు.”

నవ్వింది గానీ ఒప్పుకోలేదు. కాగితం మీద అచ్చుతీసి, బస్సెక్కి హెడ్డాఫీసు ఇన్‌వర్డ్ కౌంటరుకి స్వయంగా తీసుకెళ్లింది. అక్కడి ఉద్యోగి కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, “ముద్ర ఏదమ్మా? కాగితాలక్కూడా అదే రూలు పెట్టారు” అని వెనక్కి ఇచ్చేశాడు. పిల్ల ఇంటికొచ్చి ఆ కాగితాన్ని టేబిలు మీద పడేసి పడుకుంది. మా అక్క ఆ పూట ‘అయిందా’ అని అడగలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నాకు చదువు రాకపోవచ్చు. రబ్బరు కొయ్యడం వచ్చు.

గుండ్రటి అంచు, మధ్యలో ‘తనిఖీ అయినది – శుభ్రం’, కింద నా నక్షత్రం. ఇంకు ఊదా రంగుది తీసుకున్నాను. ఊదా రంగంటే ప్రభుత్వానికి భయం. కాగితం మీద ఒక్కటి కొట్టాను. ఎందుకైనా మంచిదని వెనక వైపు ఇంకోటి కొట్టాను. హెడ్డాఫీసు కౌంటరుకి వెళ్లాను. ఉద్యోగి ముద్రలు చూశాడు. కాగితం చదవలేదు. లేచి నిలబడి రెండు చేతులతో అందుకున్నాడు.

“వెనక వైపు కూడా అయిందా తనిఖీ?”

“బాగా చేశారండీ.”

“ఇలా ఉండాలి కాగితమంటే” అన్నాడు.

మా మేనకోడలు పర్మనెంటు అయింది. మా అక్క వీధిలో అందరికీ చెప్పింది, చెప్పినవాళ్లకి మళ్లీ చెప్పింది. పిల్ల కూడా, హెడ్డాఫీసువాళ్లు చివరికి స్పాము తెరిచి చూసి ఉంటారు, మంచి పని చేశారు అని సంబరపడింది. ఆ నమ్మకాన్ని చెడగొట్టడం నాకు ఇష్టం లేకపోయింది. (ఇష్టమున్నా చేసేవాణ్ని కాదు.)

కొన్నాళ్లకి ఆమె సర్వీసు ఫైలు కాపీ హెడ్డాఫీసు నుంచి వచ్చింది. ఆ సాయంత్రం పిల్ల ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పలేదు. ఫైలు నా ముందు పెట్టి, అంగీకారం కాగితం మీద ఊదా రంగు ముద్ర చూపించి, అంచులో బోర్లా పడుకున్న నక్షత్రం మీద వేలు పెట్టింది.

“ఇదెవరు వేశారు?”

“ముద్ర మీద ఏం రాసుందో చూడవే…”

“ఏం రాసుందో కాదు మామయ్యా. ఎవరు వేశారు?”

నేను మా అక్క వంక చూశాను. మా అక్క కూరగాయల వంక చూసింది.

“నా ఉద్యోగం కోసం నేను చెయ్యనన్న పని నువ్వు చేశావు” అంది పిల్ల. అరవలేదు. అరిస్తే బాగుండేది. “రేపు హెడ్డాఫీసుకి నిజం రాసేస్తాను. ఉద్యోగం పోతే పోనీ.”

“ఒసేయ్, మీ మామయ్యకి బుద్ధి లేదు సరే, నీకేమైందే!” అంది మా అక్క.

పిల్ల వినలేదు. మర్నాడు ఆఫీసులో కూర్చుని అక్షరం దాచకుండా రాసింది: నా అంగీకారపత్రం మీద ఉన్న ముద్ర అసలుది కాదు, తనిఖీ ఎవరూ చేయలేదు, కాబట్టి నా నియామకాన్ని మళ్లీ పరిశీలించండి. డైరెక్టరు గారు ఆ మెయిలు చదివి కళ్లు తుడుచుకున్నారట. ‘పంపించవద్దు’ అని కూడా అన్నారట. ఆమె పంపించేసింది.

ఇంట్లో రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. మా అక్క నాతో మాట్లాడ్డం మానేసింది. హెడ్డాఫీసు నుంచి మనిషి వచ్చాడని తెలిసి నేను షాపులో బల్ల కింద దూరినంత పని చేశాను. తీరా చూస్తే ఆయన వచ్చింది ఆర్డరు ఇవ్వడానికి. ఊదా రంగు ముద్ర వాళ్లకి బాగా నచ్చిందట. ప్రతి సెక్షనుకీ ఒకటి కావాలట. నక్షత్రం కూడా అలాగే ఉంచమన్నారు.

మా మేనకోడలు మాత్రం ఇప్పటికీ పొద్దున్నే ఆఫీసుకి వెళ్లగానే జవాబు వచ్చిందేమోనని చూసుకుంటుంది. రాలేదు. ఊళ్లో ఎవరూ అడగని నిజాన్ని తనంతట తనే రాసి పంపిన ఆ ఉత్తరం నెత్తి మీద ముద్ర లేదు. అందువల్లే ఆమె ఇంకా పర్మనెంటు.